గని పూడ్చిన నేలలో గడ్డి నిలవాలంటే

మీరు రాసింది చదివాను. పూడ్చి చదును చేసిన నేలలో గడ్డి మొలుస్తోంది, నీళ్లు పెడితే పైనే నిలిచిపోతున్నాయి, కొన్నాళ్లకే పసుపెక్కి చచ్చిపోతోంది అన్నారు. ఎరువు పెంచకండి, ముందు ఒక గుంత తవ్వి చూడండి. వేర్లు పైన నాలుగు వేళ్ల లోతులోనే పక్కలకి తిరిగి ఉంటే, భారీ యంత్రాలు తిరిగి కింద నేల రాయిలా గట్టిపడిందని అర్థం. అలాగైతే నేల బాగా ఎండి ఉన్నప్పుడు సబ్‌సాయిలర్‌తో, అంటే నేలను తిరగేయకుండా లోతుగా చీల్చే ట్రాక్టర్ పనిముట్టుతో, 45 నుంచి 60 సెంటీమీటర్ల లోతు చీల్చాలి. తడిగా ఉన్నప్పుడు చేస్తే పగలదు, ఇంకా గట్టిపడుతుంది, ఇందులో మాత్రం తొందరపడొద్దు.

దాంతోపాటే మట్టి పరీక్ష చేయించండి, పై మట్టికీ కింది మట్టికీ విడివిడిగా. ఆమ్లం ఎక్కువుంటే సున్నం, సోడియం ఎక్కువుంటే జిప్సం, ఒకదాని బదులు ఇంకోటి పనిచేయదు. గనుల మట్టిలో పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉంటే గాలి, నీరు తగిలి ఏళ్ల తరబడి ఆమ్లం పుడుతూనే ఉంటుంది కాబట్టి మళ్లీ మళ్లీ పరీక్షించాలి. సీసం, కాడ్మియం లాంటి భార లోహాల పరీక్ష కూడా తప్పదు, పశువులు తినే గడ్డి కదా.

పూడ్చిన నేల కొన్నేళ్లు ఎగుడుదిగుడుగా కుంగుతుంది, అందుకే ఇప్పుడే కాలువ పారకం వద్దు, స్ప్రింక్లర్లే మేలు. గడ్డితో పాటు పప్పుజాతి మేత కూడా, దాని విత్తనానికి రైజోబియం (వేర్లలో చేరి గాలిలోని నత్రజనిని మొక్కకి అందించే బ్యాక్టీరియా) పట్టించి చల్లండి. చేత్తో లాగితే మొక్క వేర్లతో ఊడి రాకుండా ఆకు మాత్రమే తెగే దాకా పశువుల్ని వదలకండి.