మా ప్రాంతంలో అకౌంటెంట్లే తక్కువ, అమ్మాయిని ఆ చదువు చదివించవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి పన్నెండో తరగతి కామర్స్ చదువుతోంది. అకౌంటెంట్ అవుతానని పట్టుబడుతోంది. మా ప్రాంతంలో పనిచేసేవారు ఏయే వృత్తుల్లో ఉన్నారో చెప్పే జనగణన పట్టిక ఒకటి చూశాను. అమ్మకాలు, డ్రైవింగ్, శారీరక శ్రమ చేసే పనుల్లో ఉన్నవారే ఎక్కువ. అకౌంటెంట్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. లేని ఉద్యోగం కోసం చదివించడం తప్పు కదా?
— ఒక తండ్రి

జవాబు: పిల్ల చదువు కోసం జనగణన పట్టిక దాకా వెళ్లిన తండ్రులు నాకు అరుదుగా తారసపడతారు. ఆ శ్రద్ధ మీ అమ్మాయికి పెద్ద అండ. అయితే ఆ పట్టిక అనని మాటను మీరు దానిచేత అనిపిస్తున్నారు.

అందులో లెక్కించింది మీ ప్రాంతంలో నివసించేవారిని, అక్కడున్న ఉద్యోగాలను కాదు. పొద్దున్నే రైలెక్కి గంట దూరం వెళ్లి పనిచేసి వచ్చే వ్యక్తి ఇల్లున్న చోటే లెక్కలోకి వస్తాడు. ఉదయం మీ ప్రాంతానికి వచ్చి, సాయంత్రం తిరిగి వెళ్లిపోయేవారు అందులో కనబడరు. మీ దగ్గరి కార్యాలయాల్లో పద్దులు చూసేవారంతా పొరుగూళ్ల వారే కావచ్చు. పనిచేసే చోటును బట్టి వేసిన పట్టిక కూడా దొరికితే, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇక అసలు విషయం. మీరు పట్టికలో ‘అకౌంటెంట్’ అనే ఒక్క వరుసనే వెతికినట్టున్నారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2008 నాటి వర్గీకరణలో వృత్తులన్నింటినీ 10 పెద్ద సమూహాలుగా, వాటి లోపల 436 చిన్న సమూహాలుగా విడదీశారు. చాలా దేశాల పట్టికలు దీన్నే అనుసరిస్తాయి, లేదా దీనికి దగ్గరగా ఉంటాయి. ఇందులో పద్దుల పని ఒకే చోట లేదు. బిల్లులు నమోదు చేసే అకౌంట్స్ గుమాస్తా సంఖ్య 4311, అంటే నాలుగో సమూహం. లావాదేవీల రికార్డులన్నీ నిర్వహిస్తూ, అవి సరిగా ఉన్నాయో లేదో సరిచూసే సహాయకులు 3313, మూడో సమూహం. లెక్కల పద్ధతిని రూపొందించి, ఆడిట్ చేసి, సలహా చెప్పే అకౌంటెంటు 2411, రెండో సమూహం. నైపుణ్యాన్ని నాలుగు స్థాయులుగా చూస్తే ఈ ముగ్గురూ వరుసగా రెండు, మూడు, నాలుగు స్థాయుల్లో ఉన్నారు. మీ పట్టికలో గుమాస్తాల వరుస చూశారా? అక్కడ మనుషులుంటే, మీ అమ్మాయికి మొదటి మెట్టు దగ్గరలోనే ఉన్నట్టు. ఎంతోమంది అక్కడ పని మొదలుపెట్టి, పని చేస్తూనే పరీక్షలు రాసి పైకి వచ్చారు. నేను ఈ దారిని మనస్ఫూర్తిగా గౌరవిస్తాను.

వృత్తి వేరు, రంగం వేరు అన్నది కూడా గుర్తుంచుకోండి. ఆసుపత్రిలో జీతాల లెక్క చూసే ఉద్యోగిది ఆరోగ్య రంగం, వృత్తి మాత్రం పద్దులే. అకౌంటెంట్ల అవసరం అన్ని రంగాల్లోనూ కొద్దికొద్దిగా ఉంటుంది కాబట్టి, ఏ ఒక్క చోటా వారు గుంపుగా కనబడరు.

ఎక్కువమంది ఉన్న వృత్తిలోనే అవకాశాలు ఎక్కువ అనుకోవడం కూడా సరికాదు. ఖాళీల్లో చాలాభాగం కొత్తగా పుట్టిన ఉద్యోగాల వల్ల కాక, ఉన్నవారు పదవీ విరమణ చేయడం వల్ల, మానేయడం వల్ల ఏర్పడతాయి. పట్టికలో వయసుల వివరం ఉంటే చూడండి. పదిమందే ఉన్నా, వారిలో సగం మంది యాభై అయిదు దాటినవారైతే అది వేరే కథ. పైగా అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, లెక్క తీసిన వారంలో ఆదాయం కోసం ఒక్క గంట పనిచేసినా ఆ వ్యక్తి ‘పనిచేస్తున్నవారి’ కిందికే వస్తారు. పెద్ద సంఖ్య పక్కన పూర్తికాలపు పని, చాలినంత జీతం ఉన్నాయని అనుకోకండి.

మరి ఆ పట్టిక మీకు ఎందుకు పనికొస్తుంది? ఎవరిని కలవాలో చెప్పడానికి. పద్దుల పనిలో ఉన్న ఒకరిని వెతికి, మీ అమ్మాయిని ఒక పూట వారి పక్కన కూర్చోనివ్వమని అడగండి. నెలాఖరు రోజైతే మరీ మంచిది. నా దగ్గరికి వచ్చిన ఒక విద్యార్థిని అలాగే వెళ్లింది. ఆ రోజు అంకణా, అంటే ఖాతాల డెబిట్, క్రెడిట్ మొత్తాలు సమానమా అని చూసే పట్టిక, కుదరలేదు, డెబిట్‌కూ క్రెడిట్‌కూ 90 తేడా. గుమాస్తా తేడాను తొమ్మిదితో భాగించి చూశారు. శేషం లేదు. అంటే ఎక్కడో రెండు అంకెలు తారుమారై ఉండవచ్చు. ఆవర్జాలో (ఖాతాల పుస్తకంలో) పేజీ తరవాత పేజీ వేలు పెట్టి వెతికితే, 540 రాయవలసిన చోట 450 దొరికింది. రెండు గంటలు పట్టింది. తిరిగి వచ్చాక ఆ అమ్మాయి నాకు ఉద్యోగం గురించి చెప్పలేదు, ఆ 450 గురించే చెప్పింది. అప్పుడే నాకు ఆమె దారి తెలిసిపోయింది. అదే రెండు గంటలు భరించలేనంత విసుగనిపించే పిల్లలూ ఉంటారు. అదీ ఇప్పుడే తెలియడం మంచిది.

మీ అమ్మాయి అలా ఒక పూట కూర్చుని వచ్చాక, ఏ మార్కులు వస్తాయో అడగకుండా, ఏం చూసిందో అడిగి నాకు రాయండి. గుమాస్తాల వరుసలో ఎంతమంది ఉన్నారో కూడా రాయండి. ఏ కోర్సు, ఎక్కడ అనేది అప్పుడు మాట్లాడుకుందాం.