పున్నమి ముందు నీచ చంద్రుడు

ప్రశ్న: మా అమ్మాయిది సింహ లగ్నం, 18 డిగ్రీలు. జ్యేష్ఠ శుద్ధ చతుర్దశి నాడు మిట్టమధ్యాహ్నానికి కొంచెం ముందు పుట్టింది. చంద్రుడు వృశ్చికంలో 8 డిగ్రీలు, అనూరాధ. రవి వృషభంలో 22, శుక్రుడూ అక్కడే 6. మొన్న ఒక సంబంధం వాళ్లు "నీచ చంద్రుడు, మనసు నిలకడగా ఉండదు" అని జాతకం తిప్పి పంపారు. అంత దోషమా? – ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: రాశి ఒక్కటే చూసి అన్న మాట అది. చంద్రుడికి ముందు పక్షబలం (రవికి ఎంత దూరమైతే అంత బలం) చూడాలమ్మా, రాశి తర్వాత. లెక్క మీరే వేసి చూడండి. మేషం మొదటి నుంచి లెక్కిస్తే చంద్ర స్ఫుటం (ఉన్న స్థానం) 218, రవి స్ఫుటం 52, తేడా 166 డిగ్రీలు. (తేడా 180 దాటితే 360 లోంచి తీసేయాలి.) దాన్ని 3తో భాగిస్తే 55.33 షష్ట్యంశలు (బలాన్ని కొలిచే ప్రమాణం). చంద్రుడికి పక్షబలం రెట్టింపు చేయమని పరాశర పద్ధతి, అంటే 110.67.

ఇప్పుడు ఉచ్చబలం. చంద్రుడి పరమనీచ (ఈ బలం పూర్తిగా పోయే చోటు) వృశ్చికం 3వ డిగ్రీ. అక్కడికి 5 డిగ్రీల దూరం కాబట్టి 5ని 3తో భాగిస్తే 1.67. ఇది నిజంగానే పోయింది. రెండూ కలిపితే 112 పైచిలుకు.

పక్కన ఇంకో జాతకం పెట్టండి. చంద్రుడు వృషభంలో 5 డిగ్రీలు, రవి వృషభంలో 1 డిగ్రీ. అందరూ "ఉచ్చ చంద్రుడు" అని మురిసిపోయేది. ఉచ్చబలం 59.33 వస్తుంది, పక్షబలం రెట్టింపు చేసినా 2.67 దాటదు. మొత్తం 62. పైగా రవికి 12 డిగ్రీల లోపు ఉన్నాడు కనుక అస్తంగతుడు (రవి కాంతిలో మునిగినవాడు) కూడా. ఈ రెండు బలాల వరకూ మీ అమ్మాయి చంద్రుడే మెరుగు.

దిగ్బలం, అంటే ఉన్న ఇంటిని బట్టి వచ్చే బలం, చంద్రుడికి నాలుగో ఇంట పూర్తిగా ఉంటుంది. మీ అమ్మాయికి చంద్రుడు ఉన్నది అక్కడే, 56 దాటి వస్తుంది. నైసర్గిక బలం 51.43 ఎవరి జాతకంలోనైనా ఉండేదే. నష్టం వచ్చింది పుట్టిన వేళలో. చంద్రుడు రాత్రి బలి, అర్ధరాత్రి పుడితే 60, మధ్యాహ్నం పుడితే దాదాపు సున్నా. గ్రహానికి లెక్కించే ఆరు బలాలూ (షడ్బలం) కలిపి 360 షష్ట్యంశలు, అంటే 6 రూపాలు దాటిందా లేదా మీ సిద్ధాంతి గారిని అడగండి. పక్షబలం రెట్టింపు చేశారో లేదో కూడా అడగండి. చేయని లెక్కలూ ఉన్నాయి, అందుకే రెండు చోట్ల వేయించిన షడ్బలాలు కలవవు.

నీచభంగం (నీచ దోషం తొలగడం) సంగతి: వృశ్చికాధిపతి కుజుడు గానీ, చంద్రుడి ఉచ్చరాశికి అధిపతి శుక్రుడు గానీ లగ్నానికో చంద్రుడికో కేంద్రంలో (1, 4, 7, 10 ఇళ్లలో) ఉండాలి. శుక్రుడు స్వక్షేత్రంలో, లగ్నానికి పదింట, చంద్రుడికి ఏడింట ఉన్నాడు. రవికి 16 డిగ్రీల దూరం, అస్తంగతుడు కాడు. ఇంతకన్నా ఏం కావాలి?

ఒక్క మాట మాత్రం మనసులో ఉంచుకోండి. గ్రహం బలంగా ఉందంటే తన పని గట్టిగా చేస్తుందని అర్థం, ఆ పని మంచిదే అవ్వాలని లేదు. సింహ లగ్నానికి చంద్రుడు వ్యయాధిపతి, అంటే పన్నెండో ఇంటి అధిపతి. ఖర్చు, పుట్టింటికి దూరంగా ఉండటం లాంటివి చంద్ర దశలో ముందుకు వస్తాయి. వాళ్లు అడగాల్సింది ఇది.

ప్రశ్న: చంద్రుడికి అటూ ఇటూ గ్రహాలు లేవు, కేమద్రుమ యోగం అని కంప్యూటర్ జాతకంలో ఎర్ర అక్షరాలతో వచ్చింది. – వరంగల్

జవాబు: రెండు, పన్నెండు ఇళ్లు లెక్కపెట్టాల్సింది చంద్రుడి నుంచి. లగ్నం నుంచి లెక్కపెట్టి భయపడేవాళ్లు చాలామంది. రవి, రాహు, కేతువులు ఈ లెక్కలోకి రారు. మీది పౌర్ణమి జననం అని రాశారు. పౌర్ణమికి రవి ఎదురుగా ఉంటాడు. బుధుడు రవికి 28 డిగ్రీలు, శుక్రుడు 47 డిగ్రీలు మించి పోలేరు కాబట్టి ఇద్దరూ అవతలి వైపే చిక్కుకుంటారు. చంద్రుడి పక్కకు రాగలిగేది కుజుడు, గురుడు, శని మాత్రమే. అందుకే పున్నమి జాతకాల్లో ఈ యోగం తరచు కనిపిస్తుంది. లగ్న కేంద్రాల్లో గ్రహముంటే యోగభంగం (యోగం రద్దు), చంద్ర కేంద్రాలకూ ఇదే చెప్పేవారున్నారు. మీకు బుధుడు చంద్రుడికి ఏడింట ఉన్నాడు. ఎర్ర అక్షరాలు వదిలేయండి.

ప్రశ్న: మనవడు డాలస్‌లో జులైలో ఉదయం 10:40కి పుట్టాడు, పుష్యమి. శని దశ శేషం (పుట్టేసరికి మిగిలిన కాలం) ఒకరు ఒకలా, ఒకరు ఇంకోలా చెబుతున్నారు. – గుంటూరు

జవాబు: జులైలో అక్కడ గడియారం ఒక గంట ముందుకు జరిపి ఉంటుంది. ఆ 10:40 అంటే మనకు అదే రోజు రాత్రి 9:10. మన పంచాంగంలో ఉదయం 10:40 దగ్గర చూస్తే చంద్రుడు పదిన్నర గంటలు వెనకబడతాడు, అంటే దాదాపు 5 డిగ్రీల 46 కలలు (డిగ్రీలో 60వ వంతు ఒక కల). సాఫ్ట్‌వేర్‌లో జరిపిన గంట తీసేయకపోతే చంద్రుడు సుమారు 33 కలలు ముందుకు పోతాడు. శని దశ 19 ఏళ్లు, నక్షత్రం 800 కలలు, కలకు 8.67 రోజులు. అంటే శేషం తొమ్మిదిన్నర నెలలు తగ్గిపోతుంది, లగ్నం దాదాపు సగం రాశి జరుగుతుంది. అప్పటికీ తేడా సుమారు రెండేళ్లుంటే ఒకరు లాహిరి అయనాంశ, ఇంకొకరు రామన్ అయనాంశ (రాశిచక్రం ఎక్కడ మొదలో తేల్చే సవరణ) వాడారేమో చూడండి.

ప్రశ్న: అనూరాధ వాడిని. చంద్రాష్టమంలో ఇంటర్వ్యూ పడింది. – నిజామాబాద్

జవాబు: చంద్రాష్టమం అంటే చంద్రుడు జన్మరాశికి ఎనిమిదింట ఉండే రోజులు. మీకు అది మిథునం, నెలకు రెండుంపావు రోజులు. ఆ రోజు నక్షత్రం ఏమిటో చూడండి. మృగశిర అయితే నైధన తార (కీడు తార), తేదీ మార్చే వీలుంటే మార్చుకోండి. ఆరుద్ర మిత్రతార, పునర్వసు పరమమిత్రం. అందులోనూ కృష్ణపక్షమైతే జన్మ నక్షత్రం నుంచి లెక్కించే ఈ తారాబలానికే పెద్దపీట, నిశ్చింతగా వెళ్లిరండి.