ఫ్లో డైవర్టర్ పెట్టాక మాత్రలే కాపాడతాయి: మా అప్ప అనుభవం

మీ అమ్మగారి మెదడు రక్తనాళంలో పగలని బుడగ ఉందని, విశాఖలో డాక్టరుగారు కాయిల్ (బుడగలో తీగచుట్టలు నింపడం) వద్దు, ఫ్లో డైవర్టర్ స్టెంట్ (నాళంలో పెట్టే సన్నటి తీగల అల్లిక గొట్టం) పెడదామన్నారని మీరు గుణుపూర్ నుంచి రాశారు. "పెట్టగానే బుడగ మూసుకోదు, నెలలు పడుతుంది" అన్న మాట విన్నాక నిద్ర పట్టట్లేదన్నారు. నేను డాక్టర్ని కాదు. మాది పర్లాకిమిడి. మూడేళ్ల కిందట మా అప్పకి (అక్కకి) ఇదే పెట్టించాం. చూసింది చెబుతాను.

అప్పకి మొదట కుడి కన్ను పక్కకి తిరగడం మానేసింది. ఒక మనిషి ఇద్దరిలా కనబడేవారు. బియ్యం ఏరుతుంటే రాయి ఒకచోట, వేలు ఇంకోచోట. షుగరు వల్లేమో అనుకుని నెల పోగొట్టాం. ఆఖరికి ఎమ్మారై తీస్తే బుడగ అన్నారు. గజ్జల్లోంచి సన్నటి గొట్టం పంపి తీసే యాంజియోలో తేలింది: కంటి వెనక కెరోటిడ్ నాళం (మెడలోంచి మెదడుకి రక్తం తీసుకెళ్లేది) మీద 16 మిల్లీమీటర్ల బుడగ, దాని మూతి కూడా వెడల్పే. ఆ వెడల్పు మూతి వల్లే కాయిల్ వద్దన్నారు. నింపిన తీగచుట్టలు నాళంలోకి జారొచ్చు, పెద్ద బుడగల్లో కొన్నాళ్లకి అణగిపోయి మళ్లీ సందు పడొచ్చు.

మీ భయం సంగతికొస్తాను. గెడ్డ (వాగు) ఒడ్డు కోసుకుపోయి పక్కన గుంట పడిందనుకోండి. కాయిలింగ్ అంటే ఆ గుంటని రాళ్లతో నింపడం. ఫ్లో డైవర్టర్ గుంట జోలికే పోదు. గెడ్డలోనే, గుంట మూతికి అడ్డంగా సన్నటి అల్లిక దడి కడతారు. నీళ్లు తిన్నగా దిగువకి పోతాయి, గుంటలో నీరు నిలిచిపోయి మెల్లగా పూడుతుంది. అప్పకి పెట్టిన రకంలో 48 సన్నటి తీగల అల్లిక. ఆ జల్లెడ మీద నాళం లోపొర పెరిగి మూతి మూసుకోవాలి. అందుకే నెలలు. అది చికిత్స తప్పడం కాదు, దాని పద్ధతే అంత. అమెరికాలో ఇలాంటి స్టెంట్‌కి 2011లో అనుమతి రావడానికి ఆధారమైన పఫ్స్ అధ్యయనంలో, పెద్ద బుడగలున్న వాళ్లలో ఆరు నెలలకి నూటికి 74 మందికి, ఏడాదికి 87 మందికి, ఐదేళ్లకి 95 మందికి పూర్తిగా మూసుకుంది. అయితే అదే అధ్యయనంలో నూటికి ఐదారుగురికి ఆరు నెలల్లోపు పెద్ద పక్షవాతమో మరణమో సంభవించింది. ఈ రెండో లెక్క మీ డాక్టర్ని నేరుగా అడగండి, అమ్మగారి విషయంలో ఎంత అని. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

స్టెంట్ లోహాన్ని నాళం లోపొర కప్పేదాకా, దాని మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. అందుకే రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు రెండూ ముందు నుంచే మొదలుపెట్టి నెలల తరబడి వాడాలి. మనవాళ్లలో కొందరికి క్లోపిడోగ్రెల్ పనిచేయదు. అందుకని అప్పకి స్టెంట్‌కి ముందు రక్తపరీక్ష చేసి మాత్ర పట్టిందని చూసుకున్నారు. పట్టకపోతే వేరే మాత్ర ఇస్తారు.

ఆపరేషన్ ఒక్క రోజు. మా కష్టమంతా ఇంటికొచ్చాక. మూడో నెలలో కడుపులో మంట అంటే మందుల షాపులో ఒమెప్రజోల్ ఇచ్చారు. అది క్లోపిడోగ్రెల్ బలాన్ని తగ్గిస్తుందని మాకేం తెలుసు? ఫోన్లో డాక్టరుగారు వెంటనే ఆపించి పాంటాప్రజోల్ రాశారు. తర్వాత పన్ను నొప్పి. పళ్ల డాక్టరు "అయిదు రోజులు ఆ మాత్రలు ఆపి రండి" అన్నారు. అప్ప ఒక రోజు ఆపేసింది కూడా. నేను క్యాలెండర్ చూసి పట్టుకున్నాను. గోడ మీది ఒడియా క్యాలెండర్లో రోజూ మాత్రలు వేసుకోగానే తేదీ మీద కుంకుమ బొట్టు పెట్టేది. ఆ రోజు గడి ఖాళీ. నా చేతులు వణికాయి. ఆ రాత్రే మళ్లీ వేయించాం, పన్ను సంగతి నెలల తర్వాత చూసుకున్నాం.

ఒళ్లునొప్పులంటే ఊళ్లో డైక్లోఫెనాక్ సూది వేసేస్తారు. ఈ మాత్రలతో కలిస్తే రక్తం కారే ప్రమాదం. జ్వరమొస్తే మన వైపు మలేరియా, డెంగీ రెండూ చూడాలి, ప్లేట్‌లెట్లు పడిపోతే మాత్రల సంగతి స్టెంట్ పెట్టిన డాక్టరే తేల్చాలి. నంబరు దగ్గరుంచుకోండి. మొదటి వారాల్లో కన్ను వెనక నొప్పి అప్పకి బాగా ఉండేది, బుడగలో రక్తం గడ్డకట్టేటప్పుడు మామూలే అన్నారు. కానీ ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, మాట తడబాటు, చెయ్యి కాలు పట్టు తప్పడం, వీటిల్లో ఏదొచ్చినా గుణుపూర్ ప్యాసింజర్ కోసం ఆగకండి, అంబులెన్స్ ఎక్కించేయండి.

ఖర్చు గురించి ఒక్క మాట. మనది ఒడిశా ఆరోగ్య కార్డు. స్టెంట్ ధరే లక్షల్లో ఉంటుంది. అది కార్డులో వస్తుందో లేదో ముందే కాగితం మీద రాయించుకోండి.

అప్పకి ఆరో నెల యాంజియోలో బుడగలోకి ఇంకా కొంచెం రక్తం పోతోంది. ఏడాదికి పూర్తిగా మూసుకుంది. క్లోపిడోగ్రెల్ ఆపి ఆస్పిరిన్ ఒక్కటే ఉంచారు. చూపు రెండుగా కనబడటం పోయింది, బాగా పక్కకి చూస్తే మాత్రం ఇప్పటికీ కాస్త మసక. అమ్మగారి బుడగ ఎన్ని మిల్లీమీటర్లో, మాత్ర పట్టిందో లేదో పరీక్ష చేశారో లేదో రాయండి. రాత్రి పూట చూస్తాను.