పరీక్షల వారంలో జీతం రాదు తమ్ముడూ

ప్రశ్న: అక్కా, నేను ఎం.ఏ. ఇంగ్లీషు, బీఈడీ చేశాను. వియత్నాంలోని హో చి మిన్ సిటీలో ఒక లాంగ్వేజ్ సెంటర్ వాళ్ళు అక్కడి హైస్కూళ్ళలో స్పోకెన్ ఇంగ్లీషు చెప్పాలని, పిల్లలకు టెస్టులు కూడా పెట్టాలని అంటున్నారు. గంటల లెక్కన జీతం. పిల్లల ఇంగ్లీషు ఎలా ఉంటుంది? టెస్టులు ఎలా పెట్టాలి? ఏమైనా ప్రిపేర్ అయి రావాలా? (నరసరావుపేట నుంచి ఒక తమ్ముడు)

జవాబు: తమ్ముడూ, పిల్లల ఇంగ్లీషు సంగతి తర్వాత. ముందు నువ్వు అలవోకగా రాసేసిన 'గంటల లెక్కన' దగ్గర ఆగు. ఇక్కడికి వచ్చే మనవాళ్ళందరూ క్లాసు ఎలా చెప్పాలా అని కంగారు పడతారు. క్లాసు ఎవరైనా చెప్తారు. ఏడాదిలో పన్నెండు నెలలూ అద్దె కట్టడమే చాలామందికి చేతకాదు.

ఇక్కడ హైస్కూలు అంటే 10, 11, 12 తరగతులు. పుస్తకం, గ్రామరు స్కూలు టీచరే చెప్తారు. నీలాంటి విదేశీ టీచరు ఒక్కో క్లాసుకు వారానికి ఒకటో రెండో పీరియడ్లు వెళ్ళి పిల్లలతో మాట్లాడిస్తారు. దానికి తల్లిదండ్రులు విడిగా ఫీజు కడతారు, అందులోంచే సెంటరు నీకు ఇస్తుంది. సెప్టెంబరు 5న బడి మొదలు, మే చివరికి సరి. మధ్యలో ప్రతి సెమిస్టరులో ఒక మిడ్ టర్మ్, ఒక ఫైనల్. ఆ వారాల్లో మొట్టమొదట ఎగిరిపోయేది విదేశీ టీచరు పీరియడే. పిల్లలు లెక్కలు చదువుకోవాలిగా! ఆ తర్వాత టెట్, అంటే వాళ్ళ కొత్త సంవత్సరం. జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది, ఊరు ఊరంతా తాళం. క్లాసు లేకపోతే గంట లేదు, గంట లేకపోతే డబ్బు లేదు. జూన్, జూలై, ఆగస్టు సంగతి నువ్వే ఊహించుకో.

నాకు ఇది ఎవరూ చెప్పలేదు. మొదటి జీతం చూసి కళ్ళు తిరిగాయి, కోట్లలో ఉంది మరి! లక్ష డాంగ్ (ఇక్కడి కరెన్సీ) అంటే మన డబ్బుల్లో సుమారు 340 రూపాయలేనని బుర్రకి తెలుసు గానీ మనసు ఒప్పుకోదు. ఆ ఊపులో ఇంటికి ఫోన్ చేసి నెలనెలా ఇంత పంపుతానని మాటిచ్చేశాను. అమ్మ మర్నాడే చీటీలో చేరింది. నవంబరులో మిడ్ టర్మ్ దెబ్బ, జనవరిలో ఫైనల్స్ దెబ్బ, ఫిబ్రవరిలో టెట్. చీటీ పాట మాత్రం ఒక్క నెలా ఆగలేదు. ఇది చాలదన్నట్టు ఐదు లక్షల నోటు, ఇరవై వేల నోటు రెండూ నీలం రంగే. ఫుట్‌పాత్ మీద చిన్న ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కాఫీ తాగి, మసక చీకట్లో ఇరవై వేలనుకుని ఐదు లక్షల నోటు ఇచ్చి వచ్చేశాను. పదిహేడు వందల రూపాయల కాఫీ! పర్సులో ఆ రెండు నోట్లనూ వేర్వేరు అరల్లో పెట్టుకో.

సరే, టెస్టులకు వద్దాం. నా మొదటి తప్పు అక్కడా డబ్బు తప్పే. "ఏదైనా స్కిల్స్ టెస్టు పెట్టండి" అన్నారు సెంటరువాళ్ళు. నేను గుంటూరు అలవాటు కొద్దీ 'మీ ఊరు' మీద వ్యాసం రాయించాను. ఒక్కో సెక్షన్లో నలభై మందికి పైనే ఉంటారు, అలాంటి సెక్షన్లు బోలెడు. నా ఆదివారాలన్నీ ఎర్ర పెన్ను తాగేసింది. దిద్దినందుకు ఒక్క డాంగ్ రాలేదు, కాంట్రాక్టులో 'బోధన గంట' అని ఉంది తప్ప దిద్దుడు గంట అని ఎక్కడా లేదు. ఇంతా చేస్తే ఆ మార్కులు స్కూలు రిజిస్టరుకే ఎక్కలేదు.

కాబట్టి మార్కుల లెక్క ముందే తెలుసుకో. అన్నీ పదికి. 2021 నాటి విద్యాశాఖ 22వ సర్క్యులర్ ప్రకారం ఇంగ్లీషుకి సెమిస్టరులో నాలుగు చిన్న మార్కులు, ఒక మిడ్ టర్మ్, ఒక ఫైనల్. మిడ్ టర్మ్ మార్కును రెండుతో, ఫైనల్‌ను మూడుతో గుణించి, అన్నీ కూడి తొమ్మిదితో భాగిస్తారు. నీ స్పీకింగ్ టెస్టు మహా అయితే ఆ నాలుగు చిన్నవాటిలో ఒకటవుతుంది, అదీ స్కూలు టీచరు సరేనంటే. వెళ్ళిన మొదటి వారమే అడుగు: నా మార్కు రిజిస్టరుకు ఎక్కుతుందా లేదా? ఎక్కదంటే పావుగంట ఆటలా ఆడించి ఊరుకో. ఎక్కుతుందంటే ఒళ్ళు దగ్గర పెట్టుకుని పెట్టు.

తొమ్మిదో వంతే కదా అనుకునే నేను దెబ్బతిన్నాను. మొదటి స్పీకింగ్ టెస్టుకి పిల్లల్ని ఒక్కొక్కరినీ బోర్డు దగ్గరికి పిలిచాను. పదకొండో తరగతి అమ్మాయి ఒకత్తి, రాత పరీక్షల్లో ఎనిమిదికి తగ్గదు. "నిన్న సాయంత్రం ఏం చేశావు?" అని ఇంగ్లీషులో అడిగాను. తెల్లచొక్కా అంచు వేళ్ళకు చుట్టుకుంటూ నా బూట్ల వైపు చూస్తూ నిలబడింది. వెనక బెంచీలో ఎవడో కిసుక్కున నవ్వాడు. అంతే, ఇక నోరు పెగల్లేదు. నేను నాలుగు వేసి "నెక్స్ట్" అన్నాను. మర్నాడు వాళ్ళ క్లాస్ టీచరు, నా అసిస్టెంటు ఇద్దరూ కలిసి వచ్చారు. ఇక్కడ గొంతు పెంచి పోట్లాడటం చూడను కూడా చూడవు, నవ్వుతూనే అంటిస్తారు. ఏడాది చివర పై గ్రేడు రావాలంటే కనీసం ఆరు సబ్జెక్టుల్లో సగటు 8 ఉండాలట, మిగతా మార్కుల సబ్జెక్టుల్లో 6.5కి తగ్గకూడదట. నా నాలుగుతో ఇంగ్లీషు సగటు ఎనిమిది కిందికి జారి, ఆ పిల్ల లెక్క మొత్తం తారుమారయింది.

మళ్ళీ టెస్టు పెట్టాను. ఈసారి వరండాలో, పక్కన దాని స్నేహితురాలిని కూర్చోబెట్టి. ఇద్దరూ వాళ్ళ అమ్మమ్మ హూ తియూ బండి గురించి మాట్లాడుకున్నారు. హూ తియూ అంటే ఇక్కడి నూడుల్స్ పులుసులే. ఎముకలు ఎంతసేపు మరగాలో, పొద్దున్నే ఎవరెవరు వస్తారో గలగలా చెప్పుకుపోయింది. గ్రామరు అక్కడక్కడా తప్పింది, అర్థం కానిది మాత్రం ఏమీ లేదు.

అప్పటినుంచి నా పద్ధతి ఇదీ, రాసుకో. ఎప్పుడూ ఇద్దరిద్దరిని పిలువు, క్లాసు ముందు కాదు, తలుపు దగ్గరో వరండాలోనో. లోపల మిగతావాళ్ళకు అసిస్టెంటు ఏదో పని ఇస్తుంది. అసిస్టెంటును మంచి చేసుకో, స్కూల్లో నీ నోరూ చెవులూ ఆవిడే. జంటకు మూడు నిమిషాలు వేసుకుంటే సెక్షనుకు రెండు పీరియడ్లు పడుతుంది, పట్టనీ. ఆ రెండు పీరియడ్లకూ నీకు డబ్బు వస్తుంది. అడిగింది అర్థమైందా, ఆగకుండా చెప్పారా, సరైన మాట వాడారా, ఉచ్చారణ తెలిసిందా అని నాలుగు గళ్ళు గీసుకుని ఒక్కోదానికి రెండున్నర పెట్టుకో. అక్కడికక్కడే మార్కు వెయ్యి, ఇంటికి కాగితం ముక్క తీసుకెళ్ళకు.

ప్రశ్నలు సెక్షనుకు సెక్షనుకు మార్చు. నేను పొద్దున ఒక సెక్షన్లో అడిగినవి ఇంటర్వెల్ కల్లా జాలోలో తిరిగాయి. జాలో అంటే వీళ్ళ వాట్సాప్. మధ్యాహ్నం సెక్షన్లో అందరూ ఒకే పేరా అప్పజెప్పారు, ఊపిరి పీల్చుకునే చోటు కూడా ఒకటే. మన కార్పొరేట్ కాలేజీ పిల్లలు గుర్తొచ్చి నవ్వొచ్చింది గానీ మార్కులు ఎలా వెయ్యాలో తోచలేదు. ఇప్పుడు బొమ్మల కార్డులు పెట్టుకుని, చెప్పడం అయ్యాక "ఎందుకు?" అని ఒక్క ప్రశ్న వేస్తాను. బట్టీ అక్కడ తెగుతుంది.

ఉచ్చారణ దగ్గర చెయ్యి కాస్త వెనక్కి లాగు. వియత్నామీస్‌లో మాట చివర 'స', 'ల', జంట హల్లులు రావు. 'ఐ' తర్వాత అయితే ఏ హల్లూ రాదు. అందుకని లైక్, లైఫ్, లైట్ మూడూ చాలామంది నోట 'లై'. మనం బస్సు, కారు అని చివర అచ్చు తగిలిస్తాం, వీళ్ళు చివరి హల్లు మింగేస్తారు. బహువచనానికీ భూతకాలానికీ మాట రూపం మారడం వాళ్ళ భాషలో లేదు, కాబట్టి ఇంగ్లీషులోనూ ఆ తోకలు రాలిపోతాయి. మొదట్లో నేను మింగిన ప్రతిదానికీ అర మార్కు కోసేదాన్ని, క్లాసు క్లాసంతా ఐదు దగ్గర కుప్పపడింది. అర్థం మారిపోతేనే కొయ్యి. మన నోరేం తక్కువ తిందని? ఒక లిజనింగ్ టెస్టు నేనే చదివాను. తొడుక్కునే వెస్టూ, పడమర వెస్టూ నా నోట ఒకటే పలికి, సగం మంది ఒకటి రాస్తే సగం మంది ఇంకొకటి రాశారు. లిజనింగ్‌కి పుస్తకంతో వచ్చే ఆడియోనే పెట్టు. నీ స్కూల్లో ఏ పుస్తకం వాడుతున్నారో ముందే కనుక్కో.

పిల్లల స్థాయి అడిగావు. హైస్కూలు అయ్యేసరికి వాళ్ళ ఆరు మెట్ల కొలమానంలో మూడో మెట్టు, అంటే బీ1 రావాలని లక్ష్యం. ఒకే క్లాసులో ఐఈఎల్‌టీఎస్ 6.5 తెచ్చుకున్నవాడూ ఉంటాడు, "హౌ ఆర్ యూ" దాటి కదలనివాడూ ఉంటాడు. జంటలు వేసేటప్పుడు ఈ ఇద్దర్నీ కలపకు, రెండోవాడు నోరే తెరవడు.

పన్నెండో తరగతి వేరే లోకం. వాళ్ళ ధ్యాసంతా జూన్‌లో జరిగే గ్రాడ్యుయేషన్ పరీక్ష మీదే. 2025 నుంచి లెక్కలు, సాహిత్యం తప్పనిసరి, ఇంకో రెండు వాళ్ళిష్టం. అంతకుముందు తప్పనిసరిగా ఉన్న ఇంగ్లీషు ఇప్పుడు ఆ ఇష్టాల్లోకి వెళ్ళింది. 50 నిమిషాల్లో 40 బిట్లు. వినడం లేదు, మాట్లాడటం లేదు. ఉచ్చారణ, స్ట్రెస్ మీద ఉండే బిట్లు కూడా తీసేసి కరపత్రాలు, ప్రకటనలు, ఉత్తరాల్లో వాక్యాల వరస, పాసేజీలు పెట్టారు. 2025 పేపరు మరీ కష్టంగా ఇచ్చారని దేశమంతా గగ్గోలు పెట్టింది. బీఈడీ కోసం ఎడ్‌సెట్ రాసినవాడివి, బిట్ల పరీక్ష ఉన్న ఇంట్లో మాటలకు విలువ ఉండదని నీకు ఒకరు చెప్పక్కర్లేదు. నీ పీరియడ్లో బల్ల కింద లెక్కలు చేసుకుంటారు. అరవకు. అలాంటి కరపత్రమే ఒకటి తీసుకెళ్ళి, చదివించి దాని మీదే మాట్లాడించు. పుస్తకాలు పక్కన పెడతారు.

డబ్బు ఎక్కడుందంటే ఐఈఎల్‌టీఎస్ కోచింగులో ఉంది. గ్రాడ్యుయేషన్ పరీక్షలో ఇంగ్లీషు మినహాయింపుకు 4.0 చాలు. ఒకప్పుడు దాన్ని పదికి పది కింద లెక్కేసేవాళ్ళు, 2025 నుంచి అది పోయింది. అయినా యూనివర్సిటీ సీట్లకు పనికొస్తుంది కాబట్టి తల్లిదండ్రులు ఖర్చుకు వెనకాడరు. బడుల్లో ఇంగ్లీషును మెల్లగా రెండో భాషను చెయ్యాలని 2024 ఆగస్టులో ఇక్కడి పాలక కమ్యూనిస్టు పార్టీయే తీర్మానించింది కాబట్టి ఈ గిరాకీ ఇప్పట్లో తగ్గదు. కానీ నీ స్కూలు పిల్లల్ని సాయంత్రం ఇంటికి పిలిచి ట్యూషన్ చెప్దామనుకోకు. టీచర్లు తాము బడిలో చెప్పే పిల్లలకు బయట డబ్బులు తీసుకుని పాఠాలు చెప్పకూడదని 2025 ఫిబ్రవరి నుంచి 29వ సర్క్యులర్ అమల్లో ఉంది. ఒక మాట ముందే చెప్తున్నాను, బాధపడకు: ప్రకటనల్లో 'నేటివ్ స్పీకర్' అని ఉంటుంది, అదే పనికి తెల్లవాడికి ఎక్కువ, మనకు తక్కువ ఇస్తారు. నేనూ ఆ తక్కువతోనే మొదలుపెట్టి ఇవాళ సొంతంగా ఐఈఎల్‌టీఎస్ బ్యాచ్‌లు చెప్పుకుంటున్నాను. ఓపిక ఉంటే నీకూ కుదురుతుంది.

వీసా, వర్క్ పర్మిట్, డిగ్రీ అటెస్టేషన్, పోలీస్ సర్టిఫికెట్, టెసాల్ (ఇంగ్లీషు బోధన సర్టిఫికెట్) లాంటివన్నీ ఎంబసీ సైట్లో ఉంటాయి, తరచూ మారుతుంటాయి, అక్కడే చూసుకో. వాటిలో ఒక్కటి మాత్రం డబ్బు విషయం కాబట్టి చెప్తాను. ఏడాదిలో 183 రోజులు ఇక్కడ లేనివాళ్ళకు జీతం మీద పన్ను ఏకంగా 20 శాతం, ఉన్నవాళ్ళకు 5 శాతం నుంచి మొదలు. నీకు ఏ లెక్కన కోస్తారో, తర్వాత సరిచేస్తారో లేదో మెయిల్‌లో రాయించుకో. వచ్చేటప్పుడు కనీసం మూడు నెలల అద్దె చేతిలో ఉండాలి. ఇంట్లో ఎవరినీ ఇప్పుడే చీటీలో చేరనివ్వకు.

ఇంకొకటి. ఇక్కడ పీరియడ్ అంటే 45 నిమిషాలు. జీతం 'గంటల లెక్కన' అన్నావు. ఆ గంట గడియారం గంటా, పీరియడా? గడియారం గంటే అయితే నాలుగు పీరియడ్లు చెప్తే మూడు గంటల డబ్బే వస్తుంది. టెస్టు పెట్టే పీరియడ్లకు, స్కూలువాళ్ళు చివరి నిమిషంలో రద్దు చేసే పీరియడ్లకు ఇస్తారో లేదో కూడా అదే మెయిల్‌లో అడుగు. రాతపూర్వకంగా జవాబు వచ్చాకే టికెట్ కొనుక్కో.