తంగేడు కొమ్మకు చీటీ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బాటనీ చేరింది. బతుకమ్మ అయిపోయినా ఇంటినిండా పాత పేపర్ల మధ్య తంగేడు, గునుగు కొమ్మలే. ఏం లాభం సార్? – ఒక తల్లి, హన్మకొండ

జవాబు: చాలా ఉందమ్మా. హెర్బేరియం కోసం అది, అంటే ఎండబెట్టిన మొక్కలను వివరాల చీటీతో దాచిపెట్టే సేకరణ. ఆకు, పువ్వు, కాయ కనబడేటట్టు కొమ్మను పరిచి బరువు పెట్టాలి. తడి పీల్చిన కాగితం రోజూ మార్చాలి, లేకుంటే బూజు పడుతుంది. క్లాసులో నేను ముందు చూసేది చీటీనే: ఊరు, తేదీ, అక్కడివాళ్లు పిలిచే పేరు, పువ్వు రంగు. ఎండితే రంగు మారుతుంది, కోసినప్పుడే రాసుకోవాలి. పాకాల అడవిలో ఏ మొక్క ఏ నెలలో పూసిందో వందేళ్ల తర్వాత చూసేవాళ్లకు చెప్పేది ఆ చీటీయే. మీ అత్తగారికి తెలిసిన మొక్కల పేర్లన్నీ అమ్మాయితో రాయించండి. మా పుస్తకాల్లో అవన్నీ లేవు.