ఫీల్డ్ క్యాంపుకి వెళ్లే ముందు: అల్లుడికి ఉత్తరం

అల్లుడూ,

వచ్చే నెలలో మీ ఆర్మీ ట్రైనింగ్ బ్యాచ్‌ని ఫీల్డ్ క్యాంపుకి తీసుకెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. ఆదివారం నీ చేతికి ఫోన్ ఇచ్చే ఆ కాసేపట్లో ఇవన్నీ చెప్పడం కుదరదు. అందుకే రాస్తున్నాను. ఒకటికి రెండుసార్లు చదువుకో.

నువ్వు అంత బరువు మొయ్యలేవేమోనని మీ అమ్మ బెంగ. నాకు ఆ బెంగ లేదు. బారువ తీరం ఇసుకలో తెల్లవారకముందే పరిగెత్తి, 1.6 కిలోమీటర్ల పరుగు గట్టెక్కి వెళ్లినవాడివి. బలం నీకుంది. క్యాంపులో కుర్రాళ్లు దెబ్బతినేది బలం చాలక కాదు, అలసటలో చిన్న పనులు వాయిదా వేసి. రెండో రాత్రి దాటాక ప్రతిదానికీ 'తర్వాత చూద్దాంలే' అనిపిస్తుంది. తడిసిన సాక్సు తర్వాత మార్చుదాం, నీళ్లు తర్వాత తాగుదాం, రైఫిల్ తర్వాత తుడుద్దాం. ఆ తర్వాత అనేది అక్కడ రాదు. విజిల్ పడుతుంది, పిట్టూ, అదే సామాను సంచి, వీపుకెక్కుతుంది, నడక మొదలవుతుంది. ఏ పని గుర్తొస్తే ఆ పని అప్పుడే చేసెయ్యి. నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు కాళ్ల సంగతి. ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్ రైఫిల్ గురించి గంటలు గంటలు చెబుతాడు, కాళ్ల గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాడు. కానీ రూట్ మార్చ్‌లో ముందు దెబ్బతినేవి అవే. కొత్త బూట్లతో క్యాంపుకి వెళ్లకు. ఇప్పటి నుంచే రోజూ వేసుకుని మెత్తబరుచు. సాక్సులు కనీసం మూడు జతలు పెట్టుకో, అందులో ఒకటి పాలిథిన్ కవర్లో చుట్టి పిట్టూ అడుగున దాచెయ్యి. అది పడుకునేటప్పుడు వేసుకోవడానికే. తడిసిన జత రాత్రి చొక్కా లోపల ఒంటికి ఆనించుకుని పడుకుంటే పొద్దుటికి చాలావరకు ఆరుతుంది. నీలగిరి కొండల్లో నువ్వున్న వెల్లింగ్టన్ మన ఊరిలా కాదు, సముద్రమట్టానికి 1,800 మీటర్లకు పైనే ఉంది. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో అక్కడ బయట ఆరేసిన బట్ట ఆరదు.

నడుస్తుంటే మడమ దగ్గరో, వేలి పక్కనో వెచ్చగా అనిపిస్తుంది. అది బొబ్బ వచ్చే ముందు సంగతి. యాభై నిమిషాలు నడిపించి పది నిమిషాలు ఆపుతారు కదా, ఆ పది నిమిషాల్లోనే బూటు విప్పి, తుడిచి, ప్లాస్టర్ అంటించు. పక్కవాళ్లు వెనక్కి వాలి కబుర్లు చెప్పుకుంటుంటే నీకూ అలాగే వాలిపోవాలనిపిస్తుంది. ముందు కాలు చూసుకుని తర్వాత వాలు. బొబ్బ వచ్చేస్తే పైచర్మం పీకకు. అది కింద ఉన్న పచ్చి మాంసాన్ని కాపాడుతుంది.

నీళ్ల విషయం మన ఉద్దానం వాళ్లకి వేరే చెప్పాలా! కిడ్నీలు పోయినవాళ్లు మన వీధిలోనే ఉన్నారు. చలి ప్రదేశంలో దాహం తెలియదు, అయినా బరువు మోస్తున్నప్పుడు లోపల చెమట పోతూనే ఉంటుంది. దాహం కోసం చూడకుండా ఆగిన ప్రతిచోటా నాలుగు గుక్కలు తాగు. మూత్రం ముదురు పసుపులోకి తిరిగిందంటే నీళ్లు చాలట్లేదని అర్థం. ఇంకో మాట, దీన్ని మాత్రం అస్సలు మరిచిపోకు. ఒళ్లునొప్పులకి అక్కడ ఒకరికొకరు బిళ్లలు పంచుకుంటారు. ఒంట్లో నీరు తగ్గిన మనిషి నొప్పి బిళ్లలు మింగితే అవి కిడ్నీల మీద పడతాయి. మెడికల్ వాళ్లు చూసి ఇస్తేనే వేసుకో, స్నేహితుడు ఇస్తే వద్దు.

రైఫిల్ సంగతి నువ్వు నేర్చుకునే ఉంటావు. ఫీల్డ్‌లో తేడా ఒకటే, అక్కడ ఆయుధాలు భద్రపరిచే కోత్ ఉండదు, దాచుకునే చోటు ఉండదు. తింటున్నా, పడుకున్నా, చెంబు పట్టుకుని పొదల్లోకి వెళ్లినా హథియార్, అంటే నీ ఆయుధం, నీతోనే. పడుకునేటప్పుడు స్లింగ్ చేతికి చుట్టుకో. ఎక్సర్‌సైజులో బుల్లెట్ లేని బ్లాంక్ రౌండ్లే కదా అని ఎవరైనా సరదాకి ఇంకొకడి వైపు పెడితే గట్టిగా అడ్డం తిరుగు. దగ్గర నుంచి పేలితే బ్లాంక్ కూడా కాలుస్తుంది, కన్ను పోగొడుతుంది. ఫైరింగ్ ఏరియాలో పేలకుండా పడి ఉన్న షెల్‌ని బ్లైండ్ అంటారు. పాతబడి తుప్పు పట్టి కనిపించినా ముట్టుకోవద్దు, తన్నొద్దు. ఆ చోటు గుర్తుపెట్టుకుని ఉస్తాద్‌కి చెప్పు.

మోర్చా, అంటే దాక్కునే గొయ్యి, తవ్వడం నీకు కష్టమనిపించదు. జీడితోటలో గునపం పట్టినవాడివే. అయితే పైన ఉన్న గడ్డి మట్టిని పెళ్లలుగా కోసి ముందు పక్కన పెట్టుకో, అడుగు మట్టి దాని మీద పొయ్యకు. చివర్లో ఆ పెళ్లలే గట్టు మీద కప్పితే చుట్టూ ఉన్న నేలలో కలిసిపోతుంది. లేకపోతే తవ్విన ఎర్రమట్టి దూరం నుంచే పట్టిస్తుంది. కెమోఫ్లాజ్‌కి పెట్టిన ఆకులు మధ్యాహ్నానికి వాడిపోతాయి. పచ్చటి పొద నడుమ వాడిన ఆకులే ముందు కంటపడతాయి, మార్చాలి. నడిచేటప్పుడు కొండ నెత్తి మీదుగా వెళ్లకు, ఆకాశం ముందు మనిషి ఆకారం స్పష్టంగా కనిపిస్తుంది. కాస్త కిందుగా, వాలు మీద నడువు.

రాత్రి గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లకి టెన్షన్ అంతా రాత్రే. మన కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే అరగంట దాకా పడుతుంది. ఒక్క అగ్గిపుల్ల వెలిగిస్తే ఆ అరగంటా పోతుంది, మళ్లీ మొదటికి. ఎవరైనా టార్చ్ వేస్తే ఒక కన్ను గట్టిగా మూసుకో, ఆ కన్ను చీకటి చూపు పోగొట్టుకోదు. అనుమానంగా ఉన్న దాన్ని నేరుగా చూడకుండా కాస్త పక్కకి చూడు, చీకట్లో చూపు అంచులే బాగా పనిచేస్తాయి. ఎక్కువసేపు ఒకేదాన్ని చూస్తే చెట్టుమోడు కూడా కదులుతున్నట్టుంటుంది, అందరికీ అలాగే అనిపిస్తుంది, భయపడకు.

సెంట్రీ (కాపలా) డ్యూటీలో తెల్లవారుజాము చాలా చెడ్డది. చెట్టుకి ఆనుకోకు, కూర్చోకు. నీ వంతు వచ్చేసరికే నీళ్లు తాగి, ముఖం తుడుచుకుని వెళ్లు. ఎవరు వచ్చినా "థమ్! కౌన్ ఆతా హై" (ఆగు! ఎవరు వస్తున్నది) అనాలి. గొంతు నీకు తెలిసిందే అయినా పాస్‌వర్డ్ అడుగు. మీ సుబేదార్ సాబ్ గొంతే అయినా సరే, ఆయన నీ మీద కోపం తెచ్చుకోడు. అడగకపోతేనే తెచ్చుకుంటాడు.

మ్యాప్ రీడింగ్‌కి లెక్కలొచ్చిన నువ్వు భయపడనక్కర్లేదు. మ్యాప్ మీద చోటు చెప్పే అంకెల్ని, అంటే గ్రిడ్ రిఫరెన్స్‌ని, ముందు కుడివైపుకి, తర్వాత పైకి చదవాలి. ఆరు అంకెలు చెబితే వంద మీటర్ల గడిలోకి వచ్చేస్తావు. కంపాస్ చూసేటప్పుడు రైఫిల్ దూరంగా పెట్టు, ఇనుము దగ్గరుంటే ముల్లు తప్పు చూపిస్తుంది. బయల్దేరిన చోటు నుంచే అడుగులు లెక్కపెట్టు, మధ్యలో మొదలుపెడితే లాభం లేదు. ఒకే ఎత్తున్న చోట్లని కలిపే కాంటూర్ గీతలు బుర్రకెక్కకపోతే మందస నుంచి కనిపించే మహేంద్రగిరిని తలుచుకో. దాని ఎత్తు 1,501 మీటర్లు. గీతకీ గీతకీ ఇరవై మీటర్ల తేడా ఉన్న మ్యాప్‌లో అలాంటి కొండ ఎన్ని గీతలు చుట్టుకుంటుందో, నిటారుగా ఉన్న వైపు ఆ గీతలు ఎంత దగ్గర దగ్గరగా వస్తాయో ఊహించు. మబ్బు పట్టి ధ్రువనక్షత్రం కనపడని రాత్రుల్లో కాగితం మీది ఆ గీతలే దిక్కు. దారి తప్పామని అనుమానం రాగానే పార్టీ కమాండర్‌కి చెప్పెయ్యి. ఇంకో కిలోమీటరు నడిచి చూద్దాం అనుకుంటే రానూపోనూ రెండు కిలోమీటర్లు దండగ.

ఇప్పుడు నా మనసులో అన్నిటికన్నా బరువుగా ఉన్న మాట. మీ అగ్నివీరుల్లో నాలుగేళ్ల తర్వాత పాతిక శాతం మంది వరకే కొనసాగుతారు. ఆ లెక్క తలలో పెట్టుకుని కుర్రాళ్లు నొప్పి దాస్తున్నారని వింటున్నాను. రెలిగేట్ చేసి వెనక బ్యాచ్‌లో వేస్తారని భయం. మా రోజుల్లోనూ ఆ భయం ఉండేది. మోకాలి కింద ముందువైపు ఎముక మీద ఒకేచోట వేలు పెడితే నొప్పి, నడిచేకొద్దీ పెరుగుతూ ఉంటే, అది కండ నొప్పి కాదు, ఎముకలో సన్నటి పగులు కావచ్చు. అప్పుడే చెబితే కొన్ని వారాల విశ్రాంతితో మానుతుంది. దాచి పరిగెత్తితే ఎముక పూర్తిగా విరగవచ్చు. ఒక బ్యాచ్ వెనకపడితే ప్రమాణం చేసే కసమ్ పరేడ్ కొన్నాళ్లు ఆలస్యమవుతుంది, అంతే. మా ఇంట్లో ఎవరూ నిన్ను ఆ మాట అనరు. మీ నాన్నకి నేను ముందే చెప్పి ఉంచాను.

నీకు జోడీగా ఉండే బడ్డీ ఎవరో నాకు తెలియదు, ఏ భాషవాడో కూడా తెలియదు. రోజుకి రెండుసార్లు అతని కాళ్లు నువ్వు చూడు, నీ కాళ్లు అతన్ని చూడమను. మాట తగ్గిపోయినా, పిలిస్తే పొంతన లేకుండా పలికినా, ఒళ్లు వణుకుతున్నా అలసటే అనుకుని వదిలెయ్యకు, ఉస్తాద్‌ని పిలువు. భోజనం తెచ్చే లంగర్ బండి ఆలస్యమైన రాత్రి నీ దగ్గర ఉన్న బెల్లం ముక్క అతనికీ పెట్టు. మీ అమ్మ పంపుతానంటున్న చేగోడీలు మాత్రం క్యాంపుకి పట్టుకెళ్లకు, చీమలు పట్టి పిట్టూ అంతా పాడవుతుంది. బ్యారక్‌లోనే అందరూ తినెయ్యండి.

తిరిగి రాగానే ముందు అమ్మకి ఫోన్ చెయ్యి, నాకు తర్వాత చేసినా పర్వాలేదు. ఈ ఉత్తరం చదవడం అయ్యాక లేచి కాలి గోళ్లు తిన్నగా కత్తిరించుకో. మూలలు మరీ లోపలికి తియ్యకు. బూట్లకి లేసులు పాతబడి ఉంటే ఇవాళే కొత్తవి అడిగి తీసుకో.

మీ మావయ్య