కొట్టకుండా కుక్కకు నేర్పడం కూడా ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో బీఎస్సీ జువాలజీ రెండో ఏడాది చదువుతోంది. డిగ్రీ అయ్యాక డాగ్ ట్రైనర్ అవుతానంటోంది. వేసవి సెలవుల్లో ఒకాయన దగ్గర నేర్చుకోవడానికి చేరింది గానీ, అక్కడ మెడ గొలుసు గుంజుతూ, కర్రతో బెదిరిస్తూ నేర్పుతున్నారని పది రోజులకే మానేసింది. కొట్టకుండా, తిండి పెట్టి నేర్పే పద్ధతి ఉందట. అది నిజంగా పనిచేస్తుందా? దాంతో బతకొచ్చా? పోనీ, పోలీసు డాగ్ స్క్వాడ్‌లో ఏమైనా ఉద్యోగం దొరుకుతుందా?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: మీ అమ్మాయి మానేసి వచ్చిందని నిలకడ లేదనుకోకండమ్మా. నా లెక్కలో అది మంచి లక్షణం. డాగ్ ట్రైనర్‌గా పనిచేయడానికి మన దగ్గర ప్రత్యేకంగా లైసెన్సు అంటూ ఏమీ అక్కర్లేదు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. అందుకే మొదట ఎవరి దగ్గర చేరుతున్నామన్నది ఈ పనిలో చాలా ముఖ్యం. గొలుసు గుంజడం చేతికి అలవాటయ్యాక మానుకోవడం కష్టం.

పద్ధతి సంగతికొస్తే, పనిచేస్తుంది. ఏ పని చేస్తే మేలు జరిగిందో ఆ పనిని జంతువు మళ్లీ చేస్తుందన్నది అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ కాలం నుంచీ ప్రయోగశాలల్లో తేలిన విషయమే. 1960ల్లో హవాయిలో డాల్ఫిన్లకు శిక్షణ ఇచ్చిన కారెన్ ప్రయర్ దీన్ని కుక్కల దాకా తెచ్చినవారిలో ముఖ్యురాలు. ఈత కొట్టే డాల్ఫిన్‌కు గొలుసు వేయలేం, కొడదామంటే లోపలికి మునిగిపోతుంది. సరిగ్గా చేసిన క్షణంలో ఈల, ఆ వెంటనే చేప, ఈ రెండింటితోనే నేర్పాలి. ఈల స్థానంలో ఇప్పుడు కుక్కల కోసం క్లిక్కర్ అనే, నొక్కితే టిక్కుమనే చిన్న పరికరం వాడుతున్నారు. అమెరికాలో జంతువుల ప్రవర్తనపై పనిచేసే పశువైద్యుల సంఘం 2021లో ఒక ప్రకటన చేసింది. కరిచే కుక్కలతో సహా అన్ని కుక్కలకూ బహుమతి పద్ధతే వాడాలని అందులో స్పష్టంగా చెప్పింది.

చూడ్డానికి తేలికగా ఉంటుంది గానీ నైపుణ్యమంతా సమయంలో ఉంది. ఇంటికొచ్చినవాళ్ల మీదికి ఎగిరే లాబ్రడార్‌నే తీసుకోండి. దాని నాలుగు కాళ్లూ నేల మీద ఉన్న క్షణంలోనే క్లిక్కర్ నొక్కాలి, వెంటనే శనగ గింజంత ఉడికించిన చికెన్ ముక్క కిందికే అందించాలి. రెండు సెకన్లు ఆలస్యమైతే అది మళ్లీ ఎగిరిపోయి ఉంటుంది, మీరు ఆ ఎగిరినందుకు ముక్క పెట్టినట్టవుతుంది. ఇంతా చేశాక, సాయంత్రం ఇంట్లో తాతగారు "మా బంగారమే" అంటూ ఎగిరినప్పుడల్లా ముద్దు చేస్తే వారం శ్రమ గోదాట్లో కలిసినట్టే. అందుకని ఈ పనిలో సగానికి పైగా మనుషులతోనే. మీ అమ్మాయికి కుక్కలంటే ఇష్టమే, సరే. అదే విషయాన్ని ఆ తాతగారికి నాలుగోసారి కూడా విసుక్కోకుండా చెప్పగలదా? నేనైతే ముందు అదే అడుగుతాను.

ఇంకోటి, కుక్క గుర్రుమంటే చాలామంది ఒకటి అంటిస్తారు. దాంతో గుర్రుమనడం ఆగుతుంది, భయం మాత్రం అలాగే ఉంటుంది. తర్వాత ఏదో ఒక రోజు హెచ్చరిక లేకుండా నేరుగా కరుస్తుంది. గుర్రుమనడానికి ముందే అది మొహం పక్కకు తిప్పడం, ఊరికే పెదాలు నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవులించడం, ఒళ్లు బిగబట్టడం వంటివి చేస్తుంది. వీటిని కనిపెట్టే చూపు పుస్తకాల్లోంచి పూర్తిగా రాదు. షెల్టర్లలో, పశువైద్యుల క్లినిక్కుల్లో గంటల కొద్దీ కూర్చుని చూస్తేనే వస్తుంది. మీకు దగ్గర్లో విశాఖలో వీఎస్‌పీసీఏ ఉంది, హైదరాబాద్ వెళ్లగలిగితే బ్లూ క్రాస్ ఉంది, రెండూ జంతు సంరక్షణ సంస్థలే. సెలవుల్లో వాలంటీర్‌గా తీసుకుంటారేమో అడగమనండి.

పోలీసు డాగ్ స్క్వాడ్‌లో హ్యాండ్లర్, అంటే జాగిలాన్ని వెంట తిప్పే పోలీసు కావాలంటే ముందు కానిస్టేబుల్‌గా ఎంపిక కావాలి. తెలంగాణ పోలీసు జాగిలాలకు మొయినాబాద్‌లో, బీఎస్ఎఫ్ జాగిలాలకు గ్వాలియర్ దగ్గరి టేకన్‌పూర్‌లో శిక్షణ ఉంటుంది. బయటివాళ్లు కోర్సు చేసి నేరుగా చేరిపోయే దారి కాదది. అన్నట్టు, వాసన పట్టే జాగిలానికి నేర్పేది కూడా చాలావరకు బంతి ఆటతోనే. పేలుడు పదార్థం దొరికితే తన బంతి తనకొస్తుందని దాని నమ్మకం.

చదువు విషయంలో, డిగ్రీ మధ్యలో ఆపనివ్వొద్దు. జువాలజీ ఇక్కడ పనికొచ్చేదే. విదేశీ సర్టిఫికెట్ల మాట వినే ఉంటారు. కారెన్ ప్రయర్ అకాడమీ కోర్సులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. సీపీడీటీ–కేఏ అనే పరీక్షకైతే గత మూడేళ్లలో కనీసం 300 గంటలు శిక్షణ ఇచ్చిన అనుభవం చూపాలి. ఫీజులు డాలర్లలో కాబట్టి తొందరపడకండి, ముందు గంటలు పోగవనివ్వండి.

ఈలోగా కొత్త ట్రైనర్‌ని వెతుక్కునేటప్పుడు కుక్కల మెడల వంక చూడమనండి. ముళ్ల పట్టీ, లాగితే మెడ బిగిసే చోక్ చైన్, కరెంటు షాక్ ఇచ్చే షాక్ కాలర్ కనిపిస్తే వెనక్కి వచ్చేయొచ్చు. "కుక్క చెప్పినట్టు చేయకపోతే మీరేం చేస్తారు?" అని అడగాలి. యజమానులను శిక్షణ చూడనివ్వని చోట అసలు చేరొద్దు. కొట్టి హింసించడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరమన్న సంగతి కూడా మీ అమ్మాయి తెలుసుకుని ఉండాలి.

సంపాదన గురించి దాచకుండా చెబుతాను. మొదటి రెండేళ్లు దీని మీదే ఆధారపడలేరు. వేరే ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు, ఆదివారాలు చేయాల్సిందే, ఎలాగూ యజమానులు ఇంట్లో ఉండేదీ అప్పుడే. కుక్కపిల్లల శిక్షణ, ఊరెళ్లేవాళ్ల కుక్కలను చూసుకోవడం కలిపితే రాబడి కుదురుకుంటుంది. ప్రకటనల కంటే పశువైద్యులు పంపే కేసులే ఎక్కువ నిలబడతాయి. పని విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఎక్కువ దొరుకుతుంది, రాజమహేంద్రవరంలో ఇంకా కొంత టైమ్ పడుతుంది. "నెలలో గ్యారంటీ" అని మాత్రం ఎవరికీ మాటివ్వకూడదు.

తెలియని ఇళ్లకు ఆడపిల్ల ఒంటరిగా వెళ్లడం గురించి మీకు టెన్షన్ ఉంటుంది, సహజమే. ముందు ఫోన్‌లో మాట్లాడి కుక్క ఎవరినైనా కరిచిందా, టీకాలు వేయించారా అని కనుక్కోవాలి. మొదటిసారి తోడు తీసుకెళ్లాలి, ఇంటి లొకేషన్ మీకు పంపాలి.

కుక్కల మధ్య పని అంటే ఎప్పుడో ఒకప్పుడు పన్ను తగులుతుంది. రేబిస్‌కు ముందస్తు టీకా ఉంది. మొదటి డోసు వేశాక వారానికి రెండోది, మూడు నాలుగు వారాలకు మూడోది. అది వేయించుకున్నా, కరిచినప్పుడు సబ్బుతో పదిహేను నిమిషాలు కడుక్కుని మళ్లీ డాక్టర్ దగ్గరకు వెళ్లాల్సిందే. షెల్టర్‌కు పంపే ముందే ఆ మూడు డోసులూ పూర్తి చేయించండి.